నాలుగో చెయ్యి

సీతా,

నీ సంవత్సరీకం అయింది. నేను గేటు దాటక కూడా ఏడాదే అయింది. పాలు, పేపరు గుమ్మంలోకే వస్తాయి. ఇంకెవరితో పని?

సంవత్సరీకం మర్నాటి నుంచి ఎదురింటి మూర్తిగారు రోజూ సాయంత్రం వచ్చి, "పేకాటకి ఓ చెయ్యి తక్కువైందండి, కాస్త రండి" అంటున్నారు. ఇన్నేళ్లూ నేను లేకుండా ఆడినవాళ్లకి ఇప్పుడే తక్కువైందా? నిన్న ఆయన్ని ముందు నడవమని కిటికీలోంచి చూశాను. వాళ్లరుగు మీద ఆయనతో కలిపి నలుగురూ ఉన్నారు. నేను గేటు తీయగానే ఒకాయన ముక్కలు కింద పెట్టి, "ఇంట్లో పనుందండి" అంటూ లేచి వెళ్లిపోయాడు.

ఆయన లేచిన చోటే కూర్చుని ఆడాను. మూర్తిగారి భార్య టీలు తెచ్చారు. నా ఒక్కడి గ్లాసులోనే పంచదార లేదు. నా షుగరు సంగతి ఆ ఇంట్లో నేనెవరికీ చెప్పలేదు. అడిగితే ఆవిడ, "ఏమోనండి, మీరు వేసుకోరనిపించింది" అని లోపలికి వెళ్లిపోయారు.

అప్పుడు నా అనుమానం నీ మీదికి మళ్లింది. ఆస్పత్రిలో చేరే ముందురోజు, నిలబడే ఓపిక లేకపోయినా, పాలలోకి తోడు తెస్తానని గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లావు. గంటసేపు కూర్చుని నా గురించి ఏం చెప్పి వచ్చావు? ఏడాది తిరిగేదాకా ఆగమన్నది కూడా నువ్వేనా?

వచ్చేటప్పుడు నీ గిన్నె ఖాళీగానే ఉంది. తోడేదని అడిగితే, మర్చిపోయానన్నావు.

నువ్వు ఎప్పుడైనా ఏదైనా మర్చిపోయావా, సీతా?