తిన్నారా అని అడిగినవాడు

ఏమండీ,

షెడ్డులో పని మానేస్తున్నట్టు మీ ఓనరుకి చెప్పేశారా? చెప్పకపోతే ఇక చెప్పకండి. క్యాంటీనులో వంట ఉద్యోగం వచ్చేసినట్టే, మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్యండి అని పోయిన ఉత్తరంలో గంతులేశానే, అదంతా మోసం. ఉద్యోగమూ లేదు, క్యాంటీనూ లేదు.

నా మొద్దుబుర్రకి మొదటిరోజే అనుమానం రావలసింది. వంటమనిషిని పెట్టుకునేవాడు ఎవడైనా ఒక పూట వండించి, నోట్లో పెట్టుకుని చూస్తాడు. మా హాస్టల్ మూతపడ్డాక నేనెక్కిన ప్రతి గడపలోనూ అదే తంతు. ఉప్పు తగ్గిందని ఒకరు, వయసు ఎక్కువైందని ఇంకొకరు పంపేశారు. ఇక్కడ మాత్రం వండమన్న ఊసే లేదు. రెండొందల మందికి వండానంటే, "అమ్మో, చాలు చాలు, మీలాంటివాళ్లే కావాలి" అన్నాడు ఆ మేనేజరు. వంటగది చూపించాడు. పొయ్యికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడదీయలేదు. చూశాను. చూసి, కొత్తది కాబోలు అనుకున్నాను. నమ్మాలని ఉన్నవాళ్లకి కళ్లెందుకండీ!

నిన్న మళ్లీ పిలిచారు. ఒరిజినల్ కార్డులూ, యూనిఫాం డిపాజిట్టూ తెమ్మన్నారు. మొదటిరోజు నా పక్కన కూర్చుని, "నాకూ ఇదే మొదటి ఇంటర్వ్యూ అక్కా, కాళ్లు వణుకుతున్నాయి" అన్న మనిషి నిన్న అదే కుర్చీలో కూర్చుని ఇంకొకావిడతో అదే మాట అంటోంది. అదే వణుకు! బాత్రూముకని చెప్పి లేచాను. ఆ కొత్తావిడ చెయ్యి పట్టుకుని లాక్కుంటూ మెట్లు దిగాను. రోడ్డు మీదికి వచ్చేదాకా నన్ను తిడుతూనే ఉంది, పాపం.

తెలిసి తెలిసి ఎందుకు పడబోయావంటారా? చెబితే నవ్వకండి. మొదటిరోజు లోపలికి వెళ్లగానే ఆ మేనేజరు, "భోజనం చేశారామ్మా?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఎంతమందికి వడ్డించానో! తిరిగి నన్ను ఆ మాట అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. మీ ఉత్తరాల్లోనూ బండ్లూ బోల్టులూ తప్ప ఆ మాట ఉండదు. నాకు ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులో ఏ కాగితమిచ్చినా సంతకం పెట్టేసేదాన్ని. దొంగవెధవ, అంత ప్రేమగా అడగాలా?

అలసిపోయానండీ. మీరు అక్కడే ఉండండి. నా తిప్పలు నేను పడతాను.

మీ
గరిటెమ్మ



గరిటెమ్మా,

ఉద్యోగం వచ్చిందని నువ్వు రాసినప్పుడు నేను ఓనరుకి చెప్పలేదు. చెబుదామని వెళ్లి, టీ తాగి వచ్చేశాను. పెళ్లాం సంపాదన మీద బతకడమేమిటని నా వెధవ రోషం. రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాను.

నీ ఈ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి, చేతుల గ్రీజు కడుక్కోకుండానే వెళ్లి చెప్పేశాను. ఓనరు ఎగాదిగా చూశాడు. "అక్కడ ఉద్యోగమే లేదంటున్నావు. మరెందుకయ్యా వెళ్లడం?" అన్నాడు. "ఉద్యోగం లేదు, మా ఆవిడ ఉంది కదండీ" అన్నాను. బండ్లు అక్కడా చెడిపోతాయి. స్పానర్ల పెట్టె తెచ్చుకుంటున్నాను.

ఆదివారం పొద్దుటి బస్సుకి దిగుతాను. తిన్నావా అని ఇందులో రాద్దామనుకున్నాను. నువ్వు జవాబు రాసేలోపు అన్నం చల్లారిపోతుంది. వచ్చి అడుగుతాను.

నీ
బోల్టుల మనిషి