నలభై ఏడున్నర పళ్లు

సాఫ్ట్‌వేర్ రిపాజిటరీ పరిశీలకులకు, గడియారాల మేస్త్రీ నమస్కరించి రాయునది.

ముప్పై ఏళ్లు గడియారాలు విప్పి బిగించిన చేతులతో ఒక ప్రోగ్రాం రాశాను. పాత గడియారంలో చక్రం పోతే, కొత్తదానికి ఎన్ని పళ్లుండాలో లెక్కకడుతుంది. ఎవరైనా దించుకుని వాడుకునేలా మీ రిపాజిటరీలో చేర్చండి. శనివారంలోగా చేరితే మా వెనక గది నాది, చేరకపోతే మా ఆవిడది. అలా పందెం వేసుకున్నాం.

ఇట్లు, మేస్త్రీ

తా.క.: తప్పులు వెతికే శ్రమ పెట్టుకోకండి. లేవు.

⁂

మేస్త్రీ గారికి,

ఇక్కడ అందరం మారుపేర్లతోనే పనిచేస్తాం. నన్ను చీమ అంటారు. మీ ప్రోగ్రాం నడిపి చూశాను. ఒక చక్రానికి నలభై ఏడున్నర పళ్లుండాలంది. ఆ అర పన్ను ఎవరు కోస్తారు? ఎవరు ఏ షరతు మీద వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు లేదు. నిర్వాహకులు మీరొక్కరే. మీ తర్వాత దీన్ని చూసేదెవరు? రెండో పేరు లేనిదే చేర్చం.

ఇట్లు, చీమ

తా.క.: శ్రమ ఏమీ కాలేదు. మొదటి నిమిషంలోనే దొరికాయి.

⁂

చీమ గారికి,

పేరుకు తగ్గట్టే కుట్టారు. అర పన్ను పీకేశాను. లైసెన్సు కూడా రాశాను: "ఎవరైనా ఎలాగైనా వాడుకోండి, నన్ను మాత్రం తిట్టకండి." నా తర్వాత ఎవరని అడుగుతారా? నేనింకా గుండ్రాయిలా ఉన్నాను. రెండో మనిషంటే ఇంట్లో మా ఆవిడే. ఆవిడ కంప్యూటరు మీద దుమ్ము తుడుస్తుంది, అంతే. మధ్యాహ్నమైతే లైబ్రరీకి పోయి కథల పుస్తకాలు చదువుకుంటుంది.

నేను దాచుకునేదేం లేదు. ఫోల్డరు ఫోల్డరంతా పంపుతున్నాను, భూతద్దం పెట్టి వెతుక్కోండి.

ఇట్లు, మేస్త్రీ

తా.క.: మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారో!

⁂

మేస్త్రీ గారికి,

వెతుక్కున్నాను. "వెనక గది నాకే ఎందుకు: పదకొండు కారణాలు" అన్న ఫైలు ప్యాకేజీలో ఉండకూడదు. మూడో కారణం, ఆవిడకు కంప్యూటరు తెలీదని, మరోసారి సరిచూసుకోండి. ఏడో కారణం, ఆవిడ గురక, దానికి ఆధారం జతచేయలేదు.

మీ ప్యాకేజీని ఇంకో పరిశీలకుడికి అప్పగిస్తున్నాను. ఎందుకో తర్వాత రాస్తాను.

ఇట్లు, చీమ

తా.క.: భరిస్తూనే ఉన్నారు. వాళ్లకే తెలీదు.

⁂

చీమ గారికి,

రేపే శనివారం. ఒక మాట అన్నానని అలిగి పక్కవాళ్లకు తోసేస్తారా? ఆ ఫైలు తీసేశాను. గది పోతే పోనీండి. గడియారాలు ఇప్పుడెవరూ బాగుచేయించుకోవడం లేదు. నేను నేర్చిందంతా ఆ లెక్కలోనే పెట్టాను. అదొక్కటి మిగిలితే చాలు.

ఇట్లు, మేస్త్రీ

తా.క.: ఆ పదకొండు కారణాలు మా ఆవిడ కంటపడకుండా చూడండి.

⁂

ఏమండీ,

మీ ప్యాకేజీ చేరింది. సొంతవాళ్ల పనిని పరిశీలించకూడదని మా నియమం. మొదటి ఉత్తరం చూడగానే తప్పుకోవాల్సింది. నలభై ఏడున్నర పళ్లు చూశాక నోరు ఊరుకోలేదు. గది కోసం వంకలు పెట్టానంటారని ఇంకొకరికిచ్చాను. ఆయన రెండు గంటలు నడిపి, ఒక్క పన్ను తేడా లేదన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

నాలుగేళ్లుగా నేను లైబ్రరీలో చదువుతున్నవి కథల పుస్తకాలు కావు. రెండో నిర్వాహకురాలిగా నా పేరు రాశాను. గది మీరే గెలిచారు. నిర్వాహకులం ఇద్దరం కాబట్టి కుర్చీలు రెండు వేయండి.

ఇట్లు, పక్క గదిలోంచి చీమ

తా.క.: ఏడో కారణం గురించి. గురక మీది. రికార్డు చేశాను, ప్యాకేజీలో చేర్చమంటారా?