పన్నెండు పదాల తాళం

శనివారం, మెట్‌పల్లి

ఏటీఎం పిన్ను కూడా ఫారం నింపేవాడికే చెప్పే ఊరు మాది. క్రిప్టో ఖాతా తెరిచే పన్నెండు రహస్య పదాలనూ చెల్లెలు రాజవ్వ అలాగే ఏజెంటు శీనుకు చెప్పేసింది. దుబాయి నుంచి తన కొడుకు ఆ ఖాతాలోకి పంపిన దాంట్లో సగం వాడు కాజేశాడు.

ఇవాళ కూర్చోబెట్టి చెప్పాను. "గా పదాలు బీరువా తాళంచెవి అసొంటియి. ఎవనికి తెలిస్తే పైసలు వానియే."

"శీనుకు ఎరుకే గదక్కా!"

"అందుకే బీరువానే మారుద్దాం."

కొత్త ఖాతా తెరిచి, మిగిలిందంతా అందులోకి మార్చాం. కొత్త పదాలు రాజవ్వ చేతే కాగితం మీద రాయించాను.

సాయంత్రం శీనే వచ్చాడు. "పంతులమ్మా, మీకు గివి సమజ్ గావు. నేనున్న గదా, ఫికర్ జెయ్యకుండ్రి."

చాయ్ ఇచ్చి పంపాను.

పోలీసులకు ఫిర్యాదు రాసి పెట్టాను. ఇవాళే ఇవ్వాల్సిందేమో. కానీ ముందు వాడు పాత పదాలు కొట్టి, ఖాతాలో మిగిలిన సున్నాను కళ్లారా చూడాలి.