తోమాసా గారి మొక్కు రేకు

పాత్స్‌క్వారో, మెక్సికో
12 మార్చి 1948

చెల్లీ కసిల్డా,

ఇక్కడ నేను క్షేమం. యుద్ధంలో ఓడి నేను వదిలి వచ్చిన మన ఊరికి తిరిగి రావడానికి సర్కారు సంతకం పెట్టమంటోందని నువ్వు పంపిన క్షమాపణ కాగితం అందింది.

నాకు చేతినిండా పని ఉంది. లోయలో పడ్డ తన కంచరగాడిద అంతోని స్వామికి మొక్కుకుంటే బతికిందని, పక్కింటి తోమాసా గారు చర్చిలో తగిలించే మొక్కు రేకు మీద నాతో బొమ్మ వేయించుకున్నారు. అలవాటు కొద్దీ మూలన నా పేరు రాశాను. ఆవిడ రేకు వెనక్కి ఇచ్చేశారు.

"గాడిదను పైకి లాగింది అంతోని స్వామా, మీరా?"

"బొమ్మ వేసింది నేనే కదమ్మా."

"రొట్టెలు కాల్చే ఫెలీసా రొట్టె మీద పేరు రాసుకుంటుందా? చెరిపెయ్యండి. చీలిన చెవి మటుకు అచ్చం మా గాడిదదే."

చెరిపేశాను. ఆదివారం చర్చి గోడ మీద అన్ని రేకుల మధ్య నాదేదో పోల్చుకోవడానికి నాకే కాసేపు పట్టింది. అప్పటి నుంచి ఇంకో నలుగురు రేకులు తెచ్చి ఇచ్చారు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? కొట్టం కప్పు నేయించారా? గోడకు పూసే ఎర్రమట్టి చిటికెడు మడిచి పంపు, రంగులో కలుపుకుంటాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టను. అందులో రాసిన తప్పులు నేను చేయలేదు. ఈ మాట అమ్మకు భోజనమయ్యాక నెమ్మదిగా చెప్పు. ఆమె చేతులకు నా ముద్దులు.

మీ అన్న,
అన్సెల్మో