గొంతు వదిలేసిన లైను

మార్చి 3, సోమవారం. ఉదయం

ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత గొంతు భార్య మా ఇంటి బెల్లు కొట్టింది.

గొంతు అంటే ప్రెస్సులో నా పక్కన కూర్చుని రాతప్రతిని పైకి చదివినవాడు. వాడు చదువుతుంటే ప్రూఫు మీద పెన్సిల్ నడిపినవాణ్ని నేను. నా పేరు కన్ను. ప్రూఫ్ రూములో మా అసలు పేర్లు ఎవరికీ గుర్తుండేవి కావు.

అన్నయ్యగారూ, ఆయనకి స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైంది, కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మాటే పోయింది అంది. దేనికైనా 'అదే' అంటాడట. మంచినీళ్లకీ అదే, ఫ్యాను ఆపమనడానికీ అదే. అలవాటైన పని అలవాటైన మనిషితో చేయించి చూడమని స్పీచ్ థెరపిస్ట్ చెప్పిందట. మీరొచ్చి ఓ గంట చదివించండి అంది.

అన్నయ్యగారట. నన్ను ప్రెస్సు నుంచి గెంటేసిన రోజు ఈవిడకి నేనేమీ కాను.

నా ప్రెస్సు జ్ఞాపకాల పుస్తకం వచ్చే నెల అచ్చుకి వెళ్తుంది. ఏడో అధ్యాయం నిండా గొంతే. ఆ సంగతి వీళ్ల చెవిన ఎవరు వేశారు? సరిగ్గా ఇప్పుడే వాడి మాట పోవడం ఏమిటి?

చూస్తానులెండి అన్నాను. అంటే రానని. ఆవిడ చాలా సంతోషమండీ అని వెళ్ళిపోయింది.

మార్చి 4, మంగళవారం

నిద్ర పట్టలేదు. ఏడో అధ్యాయం మళ్ళీ చదివాను. బాగుంది. విషం సమపాళ్లలో ఉంది.

మా పని ఇలా ఉండేది. కామా వస్తే వాడు 'కా' అనాలి, ఫుల్ స్టాప్ వస్తే 'ఫు'. ఏదైనా అనుమానం వచ్చినా, మార్జిన్‌లో చేత్తో చేర్చిన లైను వచ్చినా, బల్ల మీద ఒకసారి తట్టాలి. అంటే ఆగి చూడు అని. నేను చూసుకుని రెండుసార్లు తట్టాలి. అంటే ఉంది, కానివ్వు అని. పదకొండేళ్లు అలా గడిచాయి. రోజుకి ఏడు గంటలు వాడి గొంతే విన్నాను. వాడి సొంత మాట మాత్రం పది నిమిషాలు విని ఉండను.

నర్సుల చేతిపుస్తకం, రెండు వందల పన్నెండో పేజీ. ఒక మందు గురించి 'చిన్నపిల్లలకు ఇవ్వరాదు' అని రాతప్రతి మార్జిన్‌లో చేర్చిన లైను అచ్చులో లేదు. బైండింగ్‌లో ఎవరో చూశారు కాబట్టి సరిపోయింది. ఎంక్వైరీలో వాడు ఆ లైను చదవలేదని నేను చెప్పాను. మేనేజరు వాడి వైపు తిరిగి ఏమయ్యా అన్నాడు. చదివానండి అన్నాడు గొంతు. ఒక్క మాట. ఆ మాటనే నమ్మారు.

తర్వాత నేను భాష గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. మనిషి మాట్లాడేది సమాచారం చెప్పడానికట, అడగడానికట, పని చేయించడానికట, కడుపులో ఉన్నది కక్కడానికట, ఏమీ లేకపోయినా పలకరింపు తెగిపోకుండా ఉండటానికట. తోటివాడి కూటికి ఎసరు పెట్టడానికి అని ఒక్క పండితుడూ రాయలేదు. వాళ్లెవరూ ప్రెస్సులో పని చేసి ఉండరు.

పుస్తకం అచ్చుకి వెళ్ళేలోపు వాడి నోట ఒక్క వాక్యం రావాలి. ఆ లైను వదిలేసింది నేనే అని. వెళ్తాను.

మార్చి 6, గురువారం

వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అద్దాల బీరువా, మందుల డబ్బా, కిటికీ పక్కన బల్ల. నన్ను చూసి గొంతు లేచి నిలబడ్డాడు. అదే అన్నాడు.

థెరపిస్ట్ అక్కడే ఉంది, మా అమ్మాయి వయసు. నెలల పేర్లు వరసగా చెప్తారండీ, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెడతారు, ఎదురుగా కాగితం పెడితే చదువుతారు, తనంతట తాను మాత్రం ఏమీ అనలేరు అంది. నటించొచ్చు కదా అన్నాను. ఆమె నవ్వి, నాలుగు నెలల పాటు బాత్‌రూమ్‌కి కూడా సైగలతోనా అంకుల్ అంది. ముప్పై ఏళ్లు నటించినవాళ్లని నేనెరుగుదును.

పేపరు ముందు పెట్టాను. చదివాడు. అదే గొంతు, అదే 'కా', అదే 'ఫు'. వంటగదిలో వాళ్లావిడ గిన్నెలు తోమడం ఆపేసింది.

థెరపిస్ట్ వెళ్ళాక నెమ్మదిగా అడిగాను, ఆ లైను ఎవరు వదిలేశారు అని. అదే అన్నాడు. మంచినీళ్లకి అనేదే నాకూ అన్నాడు.

మార్చి 7, శుక్రవారం

ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టగలిగినవాడికి ఒక లైను చెప్పడం రాదా?

మార్చి 10, సోమవారం. సాయంత్రం

చదవగలడు కదా. చదివిస్తాను.

టైపు చేశాను. 'ఆ రోజు రెండు వందల పన్నెండో పేజీలో ఆ లైను చదవకుండా వదిలేసింది నేనే. కన్ను తప్పు ఏమీ లేదు. ఎంక్వైరీలో నేను అబద్ధం చెప్పాను.' మూడు వాక్యాలు. రికార్డు చేసి పెట్టుకుంటాను.

ఫోన్‌లో రికార్డింగ్ ఎలాగో అమ్మాయిని అడిగాను. చూపించింది, ఎందుకని అడిగింది, చెప్పాను. నువ్వు రాసింది ఆయన చదివితే ఆయన ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది నాన్నా అంది. గుమాస్తా టైపు చేసినదాని కిందే లోకంలో అందరూ సంతకం పెడతారు అన్నాను. నీతో వాదించడం కంటే గోడకి సున్నం వేయడం సుఖం అని వెళ్ళిపోయింది. నా కూతురే. మాటలు ఎక్కణ్నుంచి వస్తాయి.

మార్చి 13, గురువారం. మధ్యాహ్నం

చదివాడు.

మొదటి వాక్యం మొత్తం, తడుముకోకుండా. 'వదిలేసింది నేనే ఫు' అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా నేను ఎదురుచూసిన వాక్యం. రైలు ఆలస్యానికి చింతిస్తున్నామని స్టేషన్‌లో మైకు చెప్పినట్టుంది. ఎవరూ చింతించడం లేదు.

రెండో వాక్యం మొదలుపెట్టాడు. 'కన్ను తప్పు ఏమీ' దాకా వచ్చి ఆగాడు. బల్ల మీద ఒకసారి తట్టాడు.

నా చెయ్యి దానంతట అదే రెండుసార్లు తట్టింది. వాడు కదల్లేదు. మళ్ళీ తట్టాడు. నేనూ మళ్ళీ రెండు తట్టాను, కాస్త గట్టిగానే. కాగితం నా వైపు నెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వాళ్లావిడ కాఫీ తెచ్చి, ఆయనేమైనా ఇబ్బంది పెట్టారా అన్నయ్యగారూ అంది. లేదన్నాను.

అదే రోజు. సాయంత్రం

రికార్డింగ్ తొమ్మిదిసార్లు విన్నాను. మాటలు కాదు, బల్ల మీద తట్టిన ఆ చప్పుళ్లు. ఒకటి, వెంటనే రెండు. మధ్యలో క్షణం కూడా లేదు. చూసి తట్టేవాడికి క్షణమైనా పట్టాలి.

ముప్పై ఒక్క ఏళ్ల కిందటి ఆ మధ్యాహ్నం ప్రూఫ్ రూములో ఫ్యాను తిరగడం లేదు. నా ఒళ్లో నవల ఉంది. లైబ్రరీది, మర్నాడు ఇచ్చేయాలి. ఇంకా నలభై పేజీలుంది. బల్ల కింద పెట్టుకుని చదువుతూ, పైన పెన్సిల్ ఊరికే జరుపుతున్నాను. వాడు ఒకసారి తట్టాడు. మార్జిన్ లైను అన్నమాట. తల ఎత్తకుండా రెండు తట్టాను.

ఇది నాకు ఇవాళ గుర్తొచ్చిందని రాయబోయాను. డైరీలో కూడా అబద్ధం దేనికి.

నవల సంగతి వాడు రోజూ చూసేవాడు. ఎంక్వైరీలో చదివానండి అని ఊరుకున్నాడు. తరవాతి వాక్యం వదిలేశాడు. అది చెప్పి ఉంటే నన్ను ఇంకే ప్రెస్సులోనూ కాలు పెట్టనిచ్చేవారు కారు. ఎందుకు వదిలాడు? జాలా? ఏదో ఒక రోజు వాడుకుందామనా? ఇప్పుడు అడిగితే అదే అంటాడు.

మార్చి 15, శనివారం

నా పుస్తకం వేస్తున్న ప్రెస్సువాడు ఫోన్ చేశాడు. ఏడో అధ్యాయం ఎప్పుడిస్తారు సార్ అన్నాడు. ప్రూఫు చూడాలన్నాను. ఇంకా టైపే చేయలేదు కదండీ అన్నాడు.

మార్చి 17, సోమవారం

ఏడో అధ్యాయం వాడి ముందు పెట్టాను. నకలు నా దగ్గర. వాడి కాగితం మార్జిన్‌లో నిన్న నేను పెన్సిల్‌తో చేర్చిన లైను ఒకటి ఉంది: అప్పుడు నా ఒళ్లో నవల ఉంది, నేను చూడలేదు.

అక్కడి దాకా వచ్చి ఒకసారి తట్టాడు.

తల ఎత్తి చూశాను. తర్వాత రెండు తట్టాను.

చదివాడు. 'ఫు' అన్నప్పుడు నవ్వాడని నా అనుమానం.