జూనిపర్ ఊట, దాని చుట్టూ ఉన్న ఖాళీ

నేను, వెర్నా హాస్కెల్, కీర్తిశేషుడు ఆర్లో హాస్కెల్ భార్యను, యూటా ఎడారిలో జూనిపర్ ఊట దగ్గర రాతి ఇంట్లో ఒంటరిగా నివసిస్తూ, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఏమనగా:

నాకు మతి చలించిందని మా అన్న కొడుకు డ్వేన్ ఊరంతా చెబుతున్నాడు. అందుకని పట్నం వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాను. "మీ మతికేం ఢోకా లేదు మామ్మగారూ, నోరే కాస్త ఎక్కువ" అన్నాడాయన. ఆ మాటే రాయించి దీనికి జతపరిచాను.

1. దీని అమలు బాధ్యత పోస్టాఫీసు లూసిల్ పికెట్‌కు అప్పగిస్తున్నాను. నా ఉత్తరాలన్నీ నాకంటే ముందు చదివింది కాబట్టి ఆమెకు కొత్తగా చెప్పవలసింది లేదు.

2. డ్వేన్‌కు నా వసారాలోని కుర్చీ. ఊటను హోటల్ కంపెనీకి అమ్మేయమని వాడు ఏళ్ల తరబడి నా ప్రాణం తీశాడు. "ఇక్కడేముంది అత్తా, ఇసకా తేళ్లూ తప్ప?" అనేవాడు. ఆ కుర్చీలో ఒక పూట నోరు మూసుకుని కూర్చుంటే ఏముందో తెలుస్తుంది. కుర్చీ తప్ప మరి దేని మీదా వాడికి హక్కు లేదు.

3. ఆ కంపెనీ మేనేజరు క్లైడ్ రెన్‌ఫ్రోకు, వాగు దిగువన నాకు దొరికిన పింగాణీ చెట్లూ చిన్న గేటూ. అవి ఆయన హోటల్ నమూనాలోవి. చదునుగా ఉందని మా ఎండు వాగులోనే హోటల్ కడతానని, అనుమతి ఇవ్వాల్సిన కౌంటీ పెద్దలను పిలిచి, అక్కడే డేరా వేసి, వేదిక మీద ఆ నమూనా నిలబెట్టి విందు పెట్టాడు. దూరపు కొండ మీద నల్లటి మబ్బు దిగింది. నేను వెళ్లి, గట్టు మీదికి మారండి, వరద వస్తుంది అన్నాను. "ఆకాశం అద్దంలా ఉంది మామ్మగారూ. ఓ ముక్క తిని వెళ్లండి" అన్నాడు. అందరూ నవ్వారు.

వంటమనిషి కన్సువేలో బాకా మాత్రం నవ్వలేదు. "ఏం చేద్దామమ్మా?" అంది. మాటకు కదలనివాళ్లు మాంసానికి కదులుతారన్నాను. ఇద్దరం కాల్చిన మాంసం పళ్లేలన్నీ గట్టెక్కించాం. పెద్దలు తిట్టుకుంటూ వాటి వెంట ఎక్కారు. "దొంగ ముసలిదానా" అని అరుస్తూ రెన్‌ఫ్రో చివరగా ఎక్కాడు. ఆయన బూటు గట్టు మీద పడిందో లేదో, వాగు నిండా ఎర్రటి నీళ్లు వచ్చి డేరానూ వేదికనూ ఊడ్చుకుపోయాయి. పళ్లేలు పట్టుకుని నిలబడ్డ పెద్దల ముందు నుంచే నమూనా హోటల్ తేలుతూ పోయింది. ఆ వారమే వాళ్లు హోటల్ దరఖాస్తు తిరగ్గొట్టారు. నా ఊట మీద కన్ను మాత్రం కంపెనీ ఇంకా తీయలేదు.

4. కాబట్టి ఊట, ఇల్లు, చుట్టూ ఉన్న నా నేల యావత్తూ పైన చెప్పిన కన్సువేలో బాకాకు చెందుతాయి. రోడ్డు వేయరాదు, బోరు దింపరాదు, దీపస్తంభం పాతరాదు. ఈమే ఎందుకని డ్వేన్ కోర్టులో అడుగుతాడు. ఆ విందు తర్వాత ఆమె ఆదివారాలు వచ్చి నా పక్కన కూర్చునేది. పొద్దంతా ఇక్కడ ఏం చేస్తుంటారని ఒక్కసారి కూడా అడగలేదు.

5. గుమ్మం కింద బొరియలో ఉండే తాబేలు ఎవరి ఆస్తీ కాదు. దానికి పేరు పెట్టవద్దు.

6. ఆర్లో పోయాక, వారం తిరక్కుండా ఊళ్లోకి దిగివస్తానని అందరూ అనుకున్నారు. ఒంటరితనం వస్తుందేమోనని నేనూ ఎదురుచూశాను. పొద్దున లేచి తలుపు తీస్తే ఇంత వెలుగు, ఇంత నిశ్శబ్దం. ఆ ఒంటరితనాన్ని కూర్చోబెట్టడానికి చోటెక్కడ? నాకు సమాధిరాయి వద్దు. నన్ను తలుచుకుని వచ్చేవాళ్లు కంచె దగ్గరే బండి ఆపి, మిగతా దారి నడిచి రండి. అంతే చాలు.

1974 సెప్టెంబరు 9, జూనిపర్ ఊట.

(సంతకం) వెర్నా హాస్కెల్

సాక్షులు:
జెస్పర్ ఊల్సీ, గొర్రెల కాపరి
ఐడా క్రంప్, బడి పంతులమ్మ (రెండు అక్షరదోషాలు దిద్ది సంతకం చేసింది)