చుక్కల మల్లయ్య చూసిన వెలుగు

బాపూ, నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దుటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

ఆకాశంలో వింత వెలుగులు చూసినవాళ్ల వివరాలు రాసుకోవడానికి సర్కారు పంపిన శాస్త్రవేత్తలు ఇవాళ శంషాబాద్ వచ్చారు. మన చేను మీద నువ్వు చూసిన వెలుగు గురించి చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు.

"విమానం కాదని ఎలా తెలుసమ్మా?" అని అడిగారు.

"మా చేను మీదికెళ్లే విమానాలు ఎయిర్‌పోర్టుకు దిగుతయి సార్, చక్రాలు కనబడతయి. అది సప్పుడు లేకుంట నిలబడ్డది" అన్నాను, నీ మాటల్లోనే.

"ఇంకెవరైనా చూశారా?"

వాళ్లిచ్చిన ఫారంలో 'రెండో సాక్షి' గడి మీద పెన్ను పెట్టాను. ఆరోజు ఊరంతా నిన్ను 'చుక్కల మల్లయ్య' అని నవ్వుతుంటే, "నువ్వు గూడ చూసినవ్ గద బిడ్డా, చెప్పు" అన్నావు.

"నేనేం చూడలే" అన్నాను అప్పుడు, అందరి ముందు.

ఇవాళ రెండో సాక్షి గడిలో నా పేరు రాశాను, బాపూ.